చిన్న మాటలు, పెద్ద పేచీలు

(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఈ వేదికమీద మనం ఎప్పుడూ డి.ఎ. బకాయిల గురించి, మెడికల్ రీయింబర్సుమెంటు గురించి మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పిలిచి, "మీకు డ్రాఫ్టింగులో మంచి చెయ్యి ఉండేదిగదా, పిల్లలకూ పెద్దలకూ పనికొచ్చేట్టు ఇంగ్లీషు గ్రామరు మీద నాలుగు మాటలు చెప్పండి" అన్నారు. నేను ఇంగ్లీషు పండితుణ్ణి కాను. రెవెన్యూ శాఖలో గుమాస్తాగా చేరి, గురజాలలో, మాచర్లలో, నరసరావుపేటలో ఫైళ్ళ మధ్య ముప్పయ్యేళ్ళు పైగా గడిపినవాణ్ణి. నాకు తెలిసిన గ్రామరంతా సూపరింటెండెంట్లు ఎర్రసిరాతో కొట్టేసిన డ్రాఫ్టుల్లోంచి నేర్చుకున్నదే. వాళ్ళు పెద్ద పెద్ద మాటలను కొట్టేసేవారు కారు. 'ఇన్', 'ఆన్', 'ఫ్రమ్', 'బై', 'ఆర్' లాంటి చిన్న మాటలమీదే ఎర్రసిరా పడేది. నేనూ వాటి గురించే మనవి చేస్తాను.

ఇన్, ఆన్, ఎట్, టు, ఫర్, విత్, బై, ఫ్రమ్ మొదలైనవాటిని ప్రిపొజిషన్లు అంటారు. అండ్, ఆర్, బట్, ఇఫ్, అన్‌లెస్ మొదలైనవి కంజంక్షన్లు. మొదటి రకం ఒక నామవాచకాన్ని మిగతా వాక్యానికి తగిలిస్తుంది. రెండో రకం మాటను మాటకూ, వాక్యాన్ని వాక్యానికీ ముడివేస్తుంది. 'ప్రి' అంటే ముందు. ఇంగ్లీషువాడు 'ఇన్' అని ముందు చెప్పి, ఊరిపేరు తరువాత చెబుతాడు. మనం ఊరిపేరు చెప్పి 'లో' అంటాం. చిన్నప్పుడు పలకమీద దిద్ది, బెత్తం భయానికి బట్టీపట్టిన విభక్తులు ఇవే. డుమువులు మొదలుకొని సంబోధన దాకా ఎనిమిది విభక్తులూ ఇక్కడ కూర్చున్నవారిలో సగంమంది ఇప్పటికీ ఒక్క ఊపులో అప్పజెప్పగలరు. 1858లో చిన్నయసూరిగారి బాలవ్యాకరణం వచ్చిన తరువాత కొన్ని తరాలు ఆ బాటలోనే చదువుకున్నాయి. మనకు వెనకవచ్చేది వాళ్ళకు ముందు వస్తుంది. అంతవరకైతే చిక్కేమీ లేదు, తిప్పి చెప్పుకుంటే సరిపోతుంది.

చిక్కు ఎక్కడంటే, మన ఒక్క విభక్తి వాళ్ళ ఒక్క ప్రిపొజిషనుకు సరిపోదు. మన 'కి' ఉంది చూడండి. "ఆరింటికి బస్సుంది" అంటాం, ఇంగ్లీషులో అది 'ఎట్'. "మాచర్లకి వెళ్ళాలి" అంటే 'టు'. "జ్వరానికి మందు" అంటే 'ఫర్'. "ఇంటికి తాళం", "వేలికి ఉంగరం", "గోడకి పటం" అంటే 'ఆన్'. "మా అబ్బాయికి ఇద్దరు పిల్లలు" అన్నప్పుడు అసలు ప్రిపొజిషనే లేదు, 'హ్యాజ్' అనే క్రియ పెట్టాలి. ఒక్క 'కి' చేసే ఈ పనులన్నీ ఇంగ్లీషులో అయిదారు మాటలు పంచుకున్నాయి. అందుకని 'కి అంటే టు, లో అంటే ఇన్' అని పిల్లలచేత వల్లెవేయించడం మంచిది కాదు. మనం రైల్లో వెళ్తాం, బస్సులో వెళ్తాం. వాళ్ళు 'ఆన్ ది ట్రెయిన్', 'ఆన్ ది బస్' అంటారు. టాపుమీద కూర్చున్నారని కాదు. కారుకు మాత్రం 'ఇన్'. ఎందుకని అడిగితే, లేచి నిలబడి అటూ ఇటూ నడవగలిగిన బండికి 'ఆన్' అనీ, వంగి దూరి కూర్చోవలసినదానికి 'ఇన్' అనీ కొందరు మాస్టర్లు చెబుతారు. చాలావరకు సరిపోతుంది.

ఈ బాధ మనకొక్కరికే కాదు. కంపెనీవారి దొరలు ఇక్కడికొచ్చి తెలుగు నేర్చుకోవలసి వచ్చినప్పుడు వాళ్ళకూ ఇదే తంటా. 1814లో కేరీ, 1816లో క్యాంబెల్, 1840లో బ్రౌను తెలుగుకు వ్యాకరణాలు రాసింది ఇంగ్లీషువాళ్ళకోసమే. కొత్తగా వచ్చిన కుర్ర దొర 'కి' దగ్గర ఎంత తికమకపడి ఉంటాడో, మన మనవడు 'ఎట్' దగ్గర అంతే పడుతున్నాడు. వాణ్ణి తిట్టకండి.

కాలానికి మాత్రం ఒక సులువు ఉంది. గడియారం చూసి చెప్పేదానికి 'ఎట్', క్యాలెండరులో ఒక గడికి 'ఆన్', నెలకూ ఏడాదికీ 'ఇన్'. మన పల్నాడు జిల్లా 'ఇన్ 2022' ఏర్పడింది, 'ఇన్ ఏప్రిల్' ఏర్పడింది, 'ఆన్' 4వ తేదీ ఏర్పడింది. చోటు సంగతీ దాదాపు ఇంతే. 'ఎట్ ది బస్‌స్టాండ్', 'ఆన్ ది రోడ్', 'ఇన్ నరసరావుపేట'. చుక్కకు 'ఎట్', గీతకు 'ఆన్', గీత గీసి మూసిన జాగాకు 'ఇన్' అని మా తాలూకా ఆఫీసులో ఒక సర్వేయరుగారు చెప్పేవారు. ఎఫ్.ఎం.బి. గీసిన చెయ్యిగదా, గ్రామరు కూడా కొలతల్లోనే చెప్పారు.

ఇంకొక సంగతి. మన భాషలో 'గురించి', 'కి', 'తో' ఉన్నాయిగదా అని ఇంగ్లీషులో అక్కర్లేనిచోట కూడా ఒక ప్రిపొజిషను తగిలిస్తాం. 'డిస్కస్ అబౌట్' అంటాం, 'డిస్కస్' అంటే చాలు. 'రీచ్‌డ్ టు గుంటూరు' అక్కర్లేదు, 'రీచ్‌డ్ గుంటూరు' చాలు. 'మ్యారీడ్ విత్' కాదు, 'మ్యారీడ్ టు'. 'ఆల్దో' అని మొదలుపెట్టి మధ్యలో 'బట్' కూడా పెట్టడం ఒక బండికి రెండు కాడిమాన్లు కట్టినట్టు. వీటితో మార్కులు పోతాయి, అంతకుమించి నష్టమేమీ లేదు. మనలాంటివాళ్ళకు నష్టం తెచ్చేవి వేరే ఉన్నాయి. ఇక ఆ దారిన పోదాం.

ముందుగా 'బై', 'టిల్'. ఒక కాగితం 'బై' 30వ తేదీ ఇవ్వమంటే 30 లోగా ఎప్పుడైనా ఒక్కసారి ఇస్తే సరి. ఆఫీసు 'టిల్' 30వ తేదీ తెరిచి ఉంటుందంటే 30 దాకా ప్రతి పనిరోజూ తెరిచే ఉంటుందని. తెలుగులో మనకు 'లోగా', 'దాకా' అని రెండు చక్కని మాటలున్నాయి. ఆ తేడా మనసులో పెట్టుకుంటే తప్పదు. 'లోగా' అయితే 'బై', 'దాకా' అయితే 'టిల్'.

'ఇన్ ఎ వీక్', 'విథిన్ ఎ వీక్' అనేవి ఇంతకంటే మెలిక. "వారంలో రండి" అని తెలుగులో అంటే రెండూ కావచ్చు. ఇంగ్లీషు డాక్టరు 'కమ్ ఇన్ ఎ వీక్' అంటే వారం గడిచాక రమ్మని. 'విథిన్ ఎ వీక్' అంటే వారం దాటకుండా రమ్మని. కుట్లు వేయించుకున్నవారికి ఇది మామూలు తేడా కాదు. మందుల చీటీమీద 'బిఫోర్ ఫుడ్', 'విత్ ఫుడ్', 'ఆఫ్టర్ ఫుడ్' అనేవీ ఇలాంటివే. మందు పేరు చదవలేకపోయినా ఫరవాలేదు, మెడికల్ షాపులో చెబుతారు. ఈ చిన్న మాట మాత్రం స్వయంగా చదువుకోండి, లేదా కోడలిచేత చదివించుకోండి.

ఇక మన ఫైళ్ళలోకి వద్దాం. 'ఫ్రమ్', 'టు' అనే రెండు మాటలకు ఈ దేశంలో చట్టమే ఉందని మీలో ఎంతమందికి గుర్తుందో! 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్టు, 9వ సెక్షను. కేంద్ర చట్టాల్లో గడువు చెప్పేటప్పుడు 'ఫ్రమ్' అని ఉంటే ఆ మొదటి రోజును లెక్కలోంచి తీసెయ్యాలి, 'టు' అని ఉంటే ఆఖరి రోజును లెక్కలో కలపాలి. ఒక ఉత్తర్వు మీకు జూన్ 5న అందిందనుకోండి. అందిన తేదీ 'ఫ్రమ్' 30 రోజుల్లో అప్పీలు చేసుకోమన్నారు. జూన్ 5 లెక్కలోకి రాదు. 6 నుంచి మొదలుపెడితే జూలై 5 ఆఖరు రోజు. ఆ రోజు ఆఫీసుకు సెలవైతే, తెరిచిన మర్నాడు ఇచ్చినా గడువులో ఇచ్చినట్టే అని 10వ సెక్షను చెబుతుంది. ఒక ప్రిపొజిషను మనకు ఒక రోజు మిగిల్చిందన్నమాట. చట్టం రాసినవాళ్ళు వ్యాకరణాన్ని ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో గమనించండి.

అయితే 'విత్ ఎఫెక్ట్ ఫ్రమ్' అన్నప్పుడు కథ మారుతుంది. డి.ఎ. జనవరి 1 'విత్ ఎఫెక్ట్ ఫ్రమ్' అంటే జనవరి 1కి కూడా వస్తుంది. అక్కడ గడువు లెక్క లేదు, అమలు మొదలయ్యే రోజు చెబుతున్నారు. రెంటినీ కలిపేసి కొట్లాడుకున్న సెక్షన్లను నేను చూశాను.

మన రిటైర్మెంటు వాక్యాన్నే తీసుకోండి. ఫలానా వయసు నిండిన నెలలో ఆఖరి రోజు మధ్యాహ్నం తరువాత పదవీ విరమణ అని రూలు. ఇంగ్లీషులో అందులో 'ఆన్' ఉంది, 'ఆఫ్' మూడుసార్లుంది, 'ఇన్ విచ్' ఉంది. మన రాష్ట్రంలో ఆ వయసు 58 ఉండేది, 1983లో 55 అయింది, మళ్ళీ 58 అయింది, 2014లో 60, 2022లో 62 అయింది. అంకె మారింది కానీ ఆ 'ఇన్ విచ్' మారలేదు. అందుకే ఒకటో తేదీన పుట్టినవాడు ముందునెల ఆఖరున ఇంటికి పోతాడు. పుట్టినరోజుకు ముందురోజుతో ఏడాది నిండిపోతుంది, నిండిన రోజు ముందునెలలోకి వెళ్ళింది, 'ఇన్ విచ్' ఆ నెలనే పట్టుకుంది. ఒకటో తేదీ పుట్టిన మా మిత్రుడొకరు, "మా అమ్మ ఇంకొక్క రోజు ఓపికపడితే నెల జీతం కలిసొచ్చేది బావా" అని నాతో అనేవారు.

ఇంక్రిమెంటు సంగతీ ఇదే తరహా. జూన్ 30న రిటైరైనవాడు ఏడాదంతా పనిచేసి ఇంక్రిమెంటు సంపాదించుకున్నాడు. అది చేతికందే తేదీ జూలై 1. ఆనాటికి అతను సర్వీసులో లేడు. ఇంక్రిమెంటు సంపాదించిన రోజుకు 'మరుసటి రోజు నుంచి' అని కర్ణాటక విద్యుత్ ట్రాన్స్‌మిషన్ కార్పొరేషను వారి నిబంధనలో ఉంది. ఆ ఒక్క 'మరుసటి' పట్టుకుని ఇవ్వమన్నారు. 2023 ఏప్రిల్ 11న సుప్రీంకోర్టు ఉద్యోగుల పక్షాన తీర్పు చెప్పింది. సంపాదించడం వేరు, చెల్లించే రోజు వేరు అని తేల్చింది.

కానీ పెన్షనర్లకు సంబంధించి చిన్న మాటల కథల్లో పెద్ద కథ నకారాగారిదే. డిసెంబరు 17న మనం ఏటా పెన్షనర్ల దినోత్సవం జరుపుకుంటాం, దండలు వేసుకుంటాం, స్వీటు పంచుకుంటాం. ఆ తేదీ వెనక ఉన్న పేచీ ఏమిటంటే 'ఆన్ ఆర్ ఆఫ్టర్' అనే మూడు మాటలు. కుటుంబసభ్యులు కూడా వచ్చారు కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

1979 మే నెలలో కేంద్ర ప్రభుత్వం పెన్షను లెక్కకట్టే పద్ధతిని సరళం చేస్తూ ఒక మెమొరాండం ఇచ్చింది. అంతకుముందు 36 నెలల సగటు జీతంమీద పెన్షను కట్టేవారు. కొత్త పద్ధతిలో ఆఖరి 10 నెలల సగటు చాలన్నారు. ఆఖర్లో జీతం ఎక్కువ ఉంటుంది కాబట్టి సగటు పెరుగుతుంది, పెన్షనూ పెరుగుతుంది. బాగానే ఉంది. కానీ ఎవరికి? 1979 మార్చి 31 నాడు సర్వీసులో ఉండి, ఆ తేదీన గానీ ఆ తరువాత గానీ రిటైరైనవారికి మాత్రమే. ఈ 'నాడు', 'గానీ', 'తరువాత' అనేవే ఇంగ్లీషులో 'ఆన్', 'ఆర్', 'ఆఫ్టర్'. మార్చి 31న కుర్చీ దిగినవాడికి కొత్త లెక్క. ఫిబ్రవరి ఆఖరున అదే కుర్చీలోంచి దిగినవాడికి పాత లెక్క. ఒకే పని, ఒకే జీతం, ఒకే సర్వీసు. మధ్యలో ఒక ప్రిపొజిషను గోడ కట్టింది.

డి.ఎస్. నకారాగారు రక్షణ మంత్రిత్వ శాఖలో ఫైనాన్షియల్ అడ్వైజరుగా చేసి 1972లో రిటైరయ్యారు. అంటే గోడకు అవతలివారు. ఆయనా, మరొక పెన్షనరూ, హెచ్.డి. శౌరిగారి 'కామన్ కాజ్' సంస్థా కలిసి సుప్రీంకోర్టుకు వెళ్ళారు. అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం విన్నది. ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌గారు, తీర్పు రాసినవారు జస్టిస్ డి.ఎ. దేశాయ్‌గారు. 1982 డిసెంబరు 17న తీర్పు వచ్చింది. పెన్షనర్లంతా ఒక తరగతి, తేదీ అడ్డం పెట్టి వాళ్ళను రెండుగా చీల్చడం రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధం అన్నారు. పెన్షను ప్రభుత్వం దయతలచి ఇచ్చేది కాదు, చేసిన సేవకు దక్కే హక్కు అన్నారు.

గుమాస్తాగా నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది వారు ఆ పని చేసిన పద్ధతి. మెమొరాండం మొత్తం కొట్టేస్తే ఎవరికీ ఏమీ మిగలదు. అందుకని కోర్టువారు వాక్యంలోంచి ఆ తేదీ షరతు ఉన్న ముక్కను మాత్రమే తీసేశారు. మిగతా వాక్యం చెక్కుచెదరకుండా నిలబడింది. ఎప్పుడు రిటైరైనా సరే, 1979 ఏప్రిల్ 1 నుంచి కొత్త లెక్క వర్తిస్తుంది. అంతకుముందు కాలానికి బకాయిలు మాత్రం లేవు. మా సూపరింటెండెంటుగారి ఎర్రసిరా పని ఇదే! డ్రాఫ్టు చింపెయ్యకుండా అక్కర్లేని నాలుగు మాటలు కొట్టి సంతకం పెట్టడం. ఆ కొట్టివేతతో దేశమంతటా పాత పెన్షనర్లకు అన్నం ముద్ద పెరిగింది. తరువాతి తీర్పుల్లో ఈ సూత్రానికి హద్దులు గీశారన్నదీ నిజమే. ప్రతి తేదీనీ నకారా పేరు చెప్పి దాటలేము. అయినా కొత్త జి.ఓ. వచ్చినప్పుడల్లా నేను ముందు పర్సంటేజీ చూడను. ఎవరికి వర్తిస్తుందనే పేరాలో 'ఆన్', 'ఆఫ్టర్', 'బిఫోర్' ఎక్కడున్నాయో చూస్తాను. మీరూ అలాగే చూడండి.

జి.ఓ.ల మాట వచ్చింది కాబట్టి మరి నాలుగు ముక్కలు. 'ఇన్ కంటిన్యుయేషన్ ఆఫ్' అంటే పాత ఉత్తర్వు బతికే ఉంది, దానికి ఇది తోడు. 'ఇన్ పార్షియల్ మాడిఫికేషన్ ఆఫ్' అంటే పాతదానిలో కొంత మారింది. 'ఇన్ సూపర్‌సెషన్ ఆఫ్' అంటే పాతది పోయింది, దాన్ని చూపించి ఇక ప్రయోజనం లేదు. 'ఇన్ అడిషన్ టు' అంటే ఉన్నదానికి అదనం. 'ఇన్ లూ ఆఫ్' అంటే ఉన్నదాని బదులు, అంటే ఉన్నది తీసుకుంటారు. 'సబ్జెక్ట్ టు' అంటే తరువాత చెప్పేదానిదే పైచెయ్యి. 'నాట్‌విత్‌స్టాండింగ్' అంటే తరువాత చెప్పేది ఏమైనా సరే, ముందుదానిదే పైచెయ్యి. 'ప్రొవైడెడ్ దట్' కనబడితే అక్కడ ఆగండి, పెట్టిన చేత్తోనే తీసుకునేది అక్కడే.

ఇక కంజంక్షన్లలో 'అండ్', 'ఆర్'. తెలుగులో 'అండ్'కు సరైన మాటే అక్కర్లేదు. "అమ్మా నాన్నా వచ్చారు" అని దీర్ఘం తీస్తే చాలు. 'మరియు' అనేది మనం పెళ్ళిపత్రికల్లోనూ, ప్రభుత్వ తర్జుమాల్లోనూ వాడే మాట, ఇంట్లో ఎవరూ "ఉప్పు మరియు కారం తే" అనరు. దీర్ఘంతో పోయే మాటే కదా అని ఇంగ్లీషులో దాన్ని తేలికగా తీసుకోకండి.

నాతో పనిచేసిన ఒకాయన బ్యాంకులో భార్యతో కలిపి ఖాతా తెరిచారు. ఇద్దరి పేర్లూ ఉన్నాయిగదా, తరువాత ఇబ్బంది ఉండదనుకున్నారు. ఫారంలో టిక్కు పడింది 'జాయింట్‌లీ' దగ్గర, అంటే ఇద్దరి పేర్ల మధ్యా 'అండ్'. ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు. నామినీ గడి ఖాళీ. ఆయన పోయాక ఆవిడ సంతకం ఒక్కటే మిగిలింది, దానికి డబ్బు రాలేదు. వారసుల ధ్రువపత్రం తెమ్మన్నారు, పిల్లలందరి సంతకాలు కావాలన్నారు, ఒక కొడుకు దూరదేశంలో ఉన్నాడు. దినకర్మల ఖర్చుకు ఆవిడ గాజులు తాకట్టుపెట్టవలసి వచ్చింది. పాసుపుస్తకంలో భర్త పెన్షను డబ్బు నిక్షేపంగా ఉంది. రెండు పేర్ల మధ్య 'ఆర్' ఉండి ఉంటే ఆ గాజులు చేతికే ఉండేవి.

కాబట్టి ఖాతా ఫారంలో మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. 'ఈదర్ ఆర్ సర్వైవర్' అంటే ఇద్దరిలో ఎవరైనా తీయవచ్చు, ఒకరు పోతే మిగిలినవారు తీయవచ్చు. 'ఫార్మర్ ఆర్ సర్వైవర్' అంటే మొదటి పేరువారు బతికినంతకాలం వారే, ఆ తరువాతే రెండోవారు. 'జాయింట్‌లీ' అంటే ఇందాక చెప్పిన కథ. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లకైతే మొదటి రెండు పద్ధతుల్లో భార్యతో గానీ భర్తతో గానీ కలిపి ఖాతా ఉంటే, ఫ్యామిలీ పెన్షనుకు కొత్త ఖాతా తెరవమని అడగకూడదని నిబంధన ఉంది. మన రాష్ట్ర పెన్షనర్లు ఎవరి ఖాతా ఎలా ఉందో, ట్రెజరీలోనూ బ్యాంకులోనూ ఒకసారి అడిగి కాగితంమీద చూసుకోవడం మంచిది.

సోదరీమణులకు ప్రత్యేకంగా మనవి. ఇంటికి వెళ్ళగానే పాసుపుస్తకం మొదటి పేజీ తెరవండి. పేర్ల కింద 'మోడ్ ఆఫ్ ఆపరేషన్' అని ఉంటుంది, కొన్నిటిలో 'ఇ ఆర్ ఎస్' అని పొడి అక్షరాలే ఉంటాయి. అర్థం కాకపోతే మనవడినో మనవరాలినో చదివి చెప్పమనండి, వాళ్ళకూ ఒక గ్రామరు పాఠం అవుతుంది. అప్పటికీ తేలకపోతే వచ్చే నెల మొదటి ఆదివారం ఉదయం 10 గంటలకు నేను సంఘం ఆఫీసులో ఉంటాను. పాసుపుస్తకం, పి.పి.ఓ. జెరాక్సు, ఒక తెల్లకాగితం తెచ్చుకోండి. మార్పు కోరుతూ రాయవలసిన ఉత్తరం అక్కడే కూర్చుని రాద్దాం.

 అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, నాకిచ్చిన టైము 'టిల్' 11.30 కాదు, 'బై' 11.30. సెలవు. నమస్కారం.